లుక్లాలో ఎగువకు దిగే విమానాలు

లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు. శంషాబాద్ పెద్ద రన్‌వే మీద ఇలాంటివి ఎనిమిది పరచవచ్చు. నేపాల్‌లోని సోలుఖుంబు జిల్లాలో, దూద్‌కోసి లోయ అంచున, 2,845 మీటర్ల ఎత్తున ఇది కొండ భుజం మీద వేలాడుతున్నట్టు ఉంటుంది. పైగా చదును కాదు. వాలు 11.7 శాతం. కింది కొసకూ పై కొసకూ అరవై మీటర్ల తేడా, అంటే ఇరవై అంతస్తుల మేడంత. కింది కొస దాటితే లోయ, పై కొస దాటితే రాతి గోడ, ఆ వెనక కొండ. అందుకని ఇక్కడ విమానాలు లోయవైపు నుంచి వచ్చి ఎగువకు దిగుతాయి, కొండవైపు నుంచి పల్లానికి పరుగెత్తి ఎగురుతాయి. వేరే దారి లేదు. వెనకగాలి హద్దు మీరితే ఆ పూటకు రాకపోకలు ఆగిపోతాయి. దిగడం సరిగా కుదరకపోతే మళ్ళీ పైకి లేచి ఒక చుట్టు తిరిగి రావడం మిగతా విమానాశ్రయాల్లో మామూలు పని. లుక్లాలో చివరి క్షణాల్లో ఆ వీలుండదు.

ఈ వాలు వెనక ఒక భూమి తగాదా లాంటిదే ఉంది. టెన్జింగ్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ కుందే గ్రామంలో ఆస్పత్రి కట్టడానికి సామాను చేరవేయాలని 1964లో విమానాల జాగా వెతికాడు. మొదట చూసిన చదునైన నేల పంటపొలం. పొలం పోగొట్టుకోవడానికి షెర్పా రైతులు ఒప్పుకోలేదు. మిగిలింది ఈ కొండవాలు. తవ్వి చదును చేసిన మట్టి మెత్తగా ఉందనిపించి, షెర్పాలకు స్థానిక సారా పోయించి, కాళ్ళు నేలకేసి కొట్టే వాళ్ళ నృత్యం చేయించి గట్టిపరిచారని చెబుతారు. ప్రపంచంలో మరే రన్‌వేకీ ఇంత సరదా అయిన రోలరు దొరికి ఉండదు. తారు పడింది 2001లో. 2008 జనవరిలో హిల్లరీ చనిపోయాక టెన్జింగ్-హిల్లరీ విమానాశ్రయం అని పేరు పెట్టారు. ఇదే హిల్లరీ భార్య లూయీస్, కూతురు బెలిండా 1975 మార్చి 31న కఠ్మాండూ నుంచి ఫాప్లూకు బయలుదేరిన చిన్న విమానం ఎగిరిన కాసేపటికే కూలి మరణించారు.

ట్రెక్కింగ్ రద్దీ నెలల్లో లుక్లా విమానాలు కఠ్మాండూ నుంచి కాక రామేఛాప్ జిల్లా మంథలి నుంచి ఎక్కువగా నడుస్తాయి. రాత్రంతా జీపులో కుదుపులు, తెల్లవారకముందే తామాకోసి ఒడ్డున చలిలో పడిగాపులు. ఈ ఏర్పాటు విమానాల సౌకర్యం కోసమే తప్ప ప్రయాణికుల కోసం కాదని ఒక్క రాత్రిలో అర్థమవుతుంది. తక్కెడ దగ్గర పెట్టే, చేతిసంచీ కలిపి పదిహేను కిలోలు దాటకూడదు. మా ముందు వరుసలో గుంటూరు బృందం ఆవకాయ సీసా తీసేయాలా, చలికోటు తీసేయాలా అని చాలాసేపు తర్జనభర్జన పడింది. చివరికి కోటును ఒంటిమీద వేసుకున్నారు.

ఆ తక్కెడ చాదస్తం కాదు. లుక్లా ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు డెబ్భై శాతమే. పలచని గాలిలో ఇంజనుకు బలం తగ్గుతుంది, రెక్కకు ఎత్తే శక్తి తగ్గుతుంది. మీటరు అదే వేగం చూపిస్తున్నా నేల మీదుగా విమానం మరింత జోరుగా వస్తుంది. ఎండ పెరిగితే గాలి ఇంకా పలచబడుతుంది. ఉదయం ఏడింటికి మోయగలిగిన బరువు పదకొండింటికి మోయలేకపోవచ్చు.

విమానం ట్విన్ ఆటర్, 1965లో తొలిసారి ఎగిరిన కెనడా రకం, పందొమ్మిది సీట్లు. ఎయిర్‌హోస్టెస్ ట్రేలో చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెస్తుంది. అంతకుమించిన మర్యాదలు ఆశించకూడదు. మోకాళ్ళు ముందు సీటుకు తగులుతాయి. అయితే ఏ పెద్ద విమానమూ ఇవ్వనిది ఒకటి ఇక్కడ దొరుకుతుంది. పైలట్ల గదికీ ప్రయాణికులకూ మధ్య తలుపు లేదు. ఇరవై నిమిషాల లోపు ప్రయాణంలో ఇద్దరు పైలట్ల చేతులూ, డయళ్ళూ, ముందు అద్దమూ కళ్ళెదుటే. చివరి మలుపు తిరగ్గానే అద్దంలో కొండ నిండిపోతుంది. మధ్యలో తెల్ల గీతలున్న ఒక చిన్న బూడిదరంగు పలక. అది గోడకు ఆనించి నిలబెట్టినట్టు కనిపిస్తుంది. వాలు రన్‌వే పైలట్‌ను ఇలాగే మోసం చేస్తుంది. తాను ఎక్కువ ఎత్తులో ఉన్నానని భ్రమపడి కిందికి దిగితే రన్‌వే అంచు కన్నా ముందే కొండ తగులుతుంది. అందుకే ఇక్కడ కంటి లెక్కను అలవాటు సరిదిద్దాలి. ఆ అలవాటు కోసం ఉన్న నియమం స్పష్టం. లుక్లాలో దిగే కెప్టెన్‌కు కనీసం వంద పొట్టి రన్‌వే ప్రయాణాలు, నేపాల్‌లో అలాంటి విమానాలు నడిపిన ఏడాది అనుభవం, శిక్షకుడి పక్కన లుక్లాకే పది ప్రయాణాలు ఉండాలి.

ఆ తరువాతి రోజులు నామ్చే, తెంగ్‌బోచే మీదుగా నడకలోనూ, దాల్‌భాత్‌లోనూ గడిచాయి. తిరిగి వచ్చాక మబ్బు దిగి లుక్లా మూతపడింది. లాడ్జి దీదీ అల్లం-నిమ్మకాయ టీ పోస్తూ, ఈ లోయలో ఏ నెల ఎలా ఉంటుందో పంచాంగంలా చెప్పుకొచ్చింది. పైలట్లకు శిక్షణలో చెప్పే జాగ్రత్తలకు అది పెద్ద దూరం కాదు.

మార్చి నుంచి మే దాకా ఉదయాలు బాగుంటాయి, కానీ అడవి మంటల పొగ దిగువ లోయల్లో చూపును తగ్గిస్తుంది, మధ్యాహ్నం ఉరుములు లేస్తాయి. కొండవాలు వేడెక్కిన కొద్దీ గాలి లోయలోంచి పైకి ఎగబాకుతుంది. లుక్లాలో ఆ గాలి దిగే విమానం వీపున వీస్తుంది. అందుకే ఇక్కడి పని దాదాపు అంతా పొద్దున్నే ముగుస్తుంది. పడమటి నేపాల్‌లోని జోమ్‌సోమ్‌లో కాళీగండకి గాలి మరీ జోరు, మధ్యాహ్నానికి ముందే విమానాలు ఆపేస్తారు. 2022 మే 29న పోఖరా నుంచి ఆ ఊరికే వెళ్తున్న ట్విన్ ఆటర్ మబ్బుపట్టిన కొండను ఢీకొని 22 మంది చనిపోయారు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. నేపాల్ మబ్బుల్లో రాళ్ళుంటాయని అక్కడి పైలట్లు అనే మాట ఈ నెలలదే. లుక్లాలో మబ్బులోంచి దారి చూపి దించే పరికరాలు లేవు, కంటికి కనిపిస్తేనే దిగాలి. లోయ ఇరుకైతే వెనక్కి తిరగడానికీ జాగా ఉండదు. కాబట్టి తిరిగిపోయే చోటును ముందే అనుకోవాలి, మలుపుకు సరిపడా ఖాళీ మిగిలేలా లోయలో ఒక పక్కగా ఎగరాలి, వెనక్కి వెళ్ళి దిగేంత ఇంధనం ఉండాలి. మైదానాల్లో నేర్చుకునే కుర్రాళ్ళకు ఇదే కాలంలో ఇంకో ప్రమాదం: పిస్టన్ ఇంజను ఉన్న శిక్షణ విమానాల్లో, బయట ఇరవై డిగ్రీలున్నా సరే, తేమగాలి వల్ల కార్బ్యురేటర్‌లో మంచు పేరుకుంటుంది. వేడి గాలి మీట ఉన్నది అందుకే.

అక్టోబరు, నవంబరు అందరూ కోరుకునే నెలలు. అందుకే ఒత్తిడి కూడా అప్పుడే ఎక్కువ. 2008 అక్టోబరు 8న మబ్బులో దిగబోయిన విమానం రన్‌వేకు ముందే నేలను తాకి 18 మంది పోయారు, కెప్టెన్ ఒక్కడే బతికాడు. 2011 నవంబరులో రోజుల తరబడి మబ్బు విడవక వేలమంది లుక్లాలో చిక్కుకుపోయారు. విమానాలు రాలేదని తిట్టుకునేవాళ్ళు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. తిరుగు టికెట్టుకు ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోవడం ప్రయాణికుడి వంతు. చలికాలంలో కఠ్మాండూ లోయలో పొగమంచు, రాత్రి బయట నిలిపిన విమానం రెక్కల మీద నూగులాంటి మంచు. ఆ గరుకుదనమే రెక్క ఎత్తే శక్తిని తగ్గిస్తుంది. ఎగిరేముందు చేత్తో తడిమి, పూర్తిగా తీసేయాలి.

ఇంత సాధన చేసేవాళ్ళ ఉద్యోగదారి మాత్రం ఈ ఊరికి దూరంగా పోతుంది. నేపాలీ పైలట్లలో ఎక్కువమంది విదేశాల్లో సొంత డబ్బుతో నేర్చుకుని, ట్విన్ ఆటర్ లేదా డోర్నియర్ లాంటి చిన్న విమానంలో కో-పైలట్‌గా మొదలవుతారు. సిమికోట్, జుఫాల్ లాంటి మారుమూల ఊళ్ళకు మనుషులనూ బియ్యాన్నీ చేరవేస్తారు. గంటలు పెరిగాక కెప్టెన్ అవుతారు, కొందరు శిక్షకులవుతారు, చాలామంది అంతకన్నా పెద్ద ఏటీఆర్ విమానాలకూ, ఆపై జెట్లకూ వెళ్ళిపోతారు. అంటే కష్టమైన రన్‌వేలు కొత్తవాళ్ళకు, సులువైనవి అనుభవజ్ఞులకు. ఇది తలకిందుల ఏర్పాటు. కొండల్లో ఉండిపోయే కెప్టెన్‌కు జెట్ జీతం ఇవ్వడమే దానికి తోచే విరుగుడు.

ఆ నిచ్చెన ఎక్కినవాళ్ళలో అంజు ఖతివడా ఒకరు. భర్త దీపక్ పోఖ్రేల్ 2006లో జుమ్లా దగ్గర ట్విన్ ఆటర్ ప్రమాదంలో చనిపోతే, బీమా సొమ్ముతో అమెరికాలో విమానం నేర్చుకుని 2010లో అతను పనిచేసిన విమాన సంస్థలోనే చేరింది. 2023 జనవరి 15న పోఖరాలో కూలిన ఏటీఆర్‌ను నడుపుతున్నది ఆమే. 72 మంది పోయారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజది. ఫ్లాప్స్ మీటకు బదులు ప్రొపెల్లర్ల మీటలు కదిలించడంతో రెండు ఇంజన్ల తోపూ ఆగిపోయిందని విచారణ తేల్చింది.

కొండ రన్‌వేల వెలుపల పైలట్లకు ఉన్న దారులు తక్కువేమీ కాదు. కఠ్మాండూ నుంచి ఉదయం పూట పర్వతాలు చూపించే విమానాలు, పోఖరాలో అల్ట్రాలైట్లు ఉన్నాయి. హెలికాప్టర్ రెస్క్యూకు లైసెన్సు వేరు. మన దగ్గర కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి, భౌతికశాస్త్రం, గణితంతో ఇంటర్, 200 గంటల ఎగురుడు, క్లాస్-1 వైద్య పరీక్ష కావాలి. బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీలాంటి చోట్ల నేర్చుకున్నవాళ్ళకు శిక్షకుడి కొలువు, చార్టర్లు, ఎయిర్ అంబులెన్సు ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళు సాగిన మేఘమథనం చిన్న విమానాల పైలట్లను, అందరూ తప్పించుకునే మబ్బుల దగ్గరికే జీతమిచ్చి పంపింది. 2022 ఏప్రిల్‌లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హాల్) తయారీ డోర్నియర్-228 డిబ్రూగఢ్, పాసీఘాట్ మధ్య ప్రయాణికులను మోయడం మొదలుపెట్టింది. లుక్లాకు వెళ్ళే డోర్నియర్ కూడా ఆ కోవదే.