ప్రెసిడెంటు గారి పేరు స్టీల్లో ఎందుకు?

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికలు అవగానే మొదటి ఖర్చు బోర్డు మీదే పడుతుంది. గేటు పక్కన నల్లరాయి మీద పాత ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ల పేర్లు చెక్కి ఉంటాయి కదా, అవి మార్చాలి. ఏడాదికో రెండేళ్లకో దిగిపోయేవాళ్ల పేర్లు రాయి మీదా స్టీలు మీదా ఎక్కించడం శుద్ధ దండగ. అద్దం తలుపున్న నోటీసు బోర్డులో ఒక అచ్చు కాగితం పెడితే ఆ పని అయిపోతుంది. ప్రెసిడెంటు గారు కాస్త నొచ్చుకుంటారనుకోండి.

బయట గోడ మీద అపార్ట్‌మెంట్ పేరు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. విశాఖలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లో, చవగ్గా వస్తున్నాయని 202 గ్రేడు స్టీలు అక్షరాలు పెట్టిస్తే తుప్పు చారలు గోడ మీదికి దిగుతాయి. 304 కావాలని అడిగి, ఆ అంకె కొటేషన్‌లో రాయించుకోవాలి. బీచ్‌కి ఎదురుగా ఉన్నవాళ్లకైతే 316 మేలు.

ఎండ సంగతీ అంతే. వినైల్ స్టిక్కర్లలో ఎర్ర రంగు తొందరగా వెలిసిపోతుంది. ‘నో పార్కింగ్’లో ఎర్రటి ‘నో’ ఎగిరిపోయి, నల్లటి ‘పార్కింగ్’ చెక్కుచెదరకుండా నిలిచిన బోర్డొకటి చూశాను. దాని కింద బైకులు బారులు తీరి ఉన్నాయి. వాళ్లనేమనగలం?

సెల్లారులో స్లాటుకో బోర్డు అక్కర్లేదు. అంకెల స్టెన్సిళ్లు ఒక్కసారి కోయించుకుంటే పెయింటర్ స్తంభాల మీద నంబర్లన్నీ వేసేస్తాడు, చెరిగినప్పుడు వాచ్‌మన్ కూడా దిద్దగలడు. బోర్డే కావలసిన చోట కొలత ముందు చూసుకోండి. ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటు ఎక్కువగా ఎనిమిదడుగులకు నాలుగడుగులు వస్తుంది. బోర్డు రెండడుగులకు అడుగైతే షీటుకి పదహారు తెగుతాయి. అందంగా ఉంటుందని అటో పావు, ఇటో పావు అడుగు పెంచారా, తొమ్మిదే వస్తాయి. తుక్కుకీ డబ్బు మీరే కట్టాలి.

బ్లాకు పేర్లు మాత్రం పెద్దవిగా ఉండాలి. పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్నది బోర్డుల వాళ్ల మోటు లెక్క. యాభై అడుగుల నుంచి కనపడాలంటే ఐదంగుళాలన్నమాట. అవి సరిగా ఉంటే డెలివరీ కుర్రాళ్లు ‘అన్నా, సి బ్లాక్ ఎటు?’ అని వాచ్‌మన్‌ని నిద్ర లేపరు. ఇక మెట్ల దగ్గర అగ్నిప్రమాదంలో బయటికి దారి చూపే బోర్డుల్లో పైసా తగ్గించకండి. కరెంటు పోయినా, పొగ కమ్మినా వెలిగేవే కొనాలి.

కొత్త కమిటీలకు ఒక మనవి. కొటేషన్లు పిలిచే ముందు ఒక సాయంత్రం ఆవరణంతా తిరిగి, ‘పూలు కోయరాదు’, ‘ఉమ్మరాదు’ లాంటి, ఎవరూ చదవని బోర్డులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. వాటిని మళ్లీ చేయించకండి.