నాన్న చొక్కా

మా ఇల్లు కాటేదాన్ పక్కన బస్తీలో ఉంది. ఆరాంఘర్ నుండి శంషాబాద్ వెళ్లే రోడ్డు మాకు దగ్గరే. మా నాన్న పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో పని చేసేవాడు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వేడికే కరుగుతుంది. అందుకే చిన్న రేకుల షెడ్డులో, ఒక్క బట్టీతో కూడా ఈ పని నడిచిపోతుంది.

సాయంత్రం నాన్న రాగానే తమ్ముడు పరుగెత్తి ఆయన భుజమెక్కేవాడు. నాన్న చొక్కా నిండా బూడిదరంగు దుమ్ము. అమ్మ ఆ చొక్కాను మా అందరి బట్టలతో కలిపే ఉతికేది.

తమ్ముడికి తరచూ కడుపునొప్పి వచ్చేది. నేర్చుకున్న అక్షరాలు మరచిపోయేవాడు. బడిలో వాణ్ణి 'మొద్దు' అనేవారు. సెలవులకు వెళ్లినప్పుడు నేనూ అన్నాను. ఎక్కాలు రాలేదని ఒకసారి కొట్టాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

పదో తరగతిలో లోహాల పాఠం చెబుతూ మా సారు సీసం గురించి వివరించారు. అది ఒంట్లో చేరితే రక్తం తగ్గుతుంది, కడుపునొప్పి వస్తుంది, మెదడు దెబ్బతింటుంది. పెద్దల కంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వింటుంటే తమ్ముడే కళ్లముందు మెదిలాడు. సారు సాయంతో వాడికి రక్తపరీక్ష చేయించాం. సీసం బాగా ఎక్కువగా ఉందని తేలింది.

"ఇన్నేండ్ల సంది చేస్తున్న, నాకేమైంది బిడ్డా?" అన్నాడు నాన్న.

"నీకు కాదు నాయినా, నీ అంగీ మీద వచ్చిన దుమ్ముతోని తమ్మునికి అయింది" అన్నాను. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

పని మానేస్తే పూట గడవదు. అందుకని మొదట షెడ్డు దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావడం మొదలుపెట్టాడు. ఏడాది తర్వాత హమాలీ పనిలో చేరాడు. కూలి తక్కువే. తమ్ముడి రక్తంలో సీసం తగ్గింది, కడుపునొప్పి పోయింది. చదువు మాత్రం ఇంకా నెమ్మదిగానే వస్తోంది. మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాదని డాక్టరు చెప్పారు. ఇప్పుడు సెలవుల్లో వాడికి నేనే చదువు చెబుతున్నాను, కొట్టకుండా.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కాటేదాన్ మట్టిని పరీక్షించారు. అందులో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ వంటివి మోతాదు మించి ఉన్నాయని 2008లో ప్రచురించారు. శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది కూడా ఆ ఏడాదే. ప్రపంచంలో 80 కోట్ల మంది దాకా పిల్లల రక్తంలో సీసం ఆందోళనకరమైన స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్ తెలిపింది.

తమ్ముళ్లారా! మన హాస్టల్లో చాలామంది తల్లిదండ్రులు ఇలాంటి పనులే చేస్తారు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు చెప్పండి: పనిబట్టలు విడిగా ఉతకాలి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి, ఇల్లు తడిగుడ్డతో తుడవాలి. హాస్టల్లో పెట్టే ఆకుకూర పారేయకండి. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంటికి సీసం ఇంకా ఎక్కువ పడుతుంది.

ఇంకొక్క మాట. ఎవరినైనా 'మొద్దు' అనే ముందు, వాళ్ల ఇంటి పక్కన ఏముందో, వాళ్ల నాన్న ఏం పని చేస్తాడో ఒక్కసారి అడగండి. నేను అడగలేదు.