ఎముకకును ప్రాణము గలదు

క్రిందటి యేడు మా యత్తగారు పెరటిలో కాలుజారి పడిరి. పడుట స్వల్పమే కాని, తుంటియొద్ద తొడయెముక విఱిగినది. ఇంతమాత్రమునకే యెముక యెట్లు విఱిగెనని వైద్యురాలి నడిగితిని.

"ఎముక యెండుకట్టె కాదమ్మా, ప్రాణమున్న వస్తువు" అని యామె వివరించినది. పెద్దవారి శరీరమున 206 ఎముకలు గలవు. అవి దేహమును నిలువబెట్టుటయే గాక, గుండెను మెదడును గాపాడును. వాని మూలుగలో నెత్తురుకణములు పుట్టును. శరీరమందలి కాల్షియమను సున్నపుధాతువులో నూటికి 99 పాళ్లు ఎముకలయందును పండ్లయందును దాచబడియుండును. నెత్తురులో నది తక్కువపడినపుడు ఎముకల గాదెనుండియే తీయబడును. కొన్ని కణములు పాతయెముకను గరగించుచుండ, మఱికొన్ని క్రొత్తది కట్టుచుండును. వయసు మీఱినకొలది కట్టుట తగ్గును; ముట్లుడిగిన పిదప స్త్రీలకు కరగుట మిక్కిలి హెచ్చును.

ఈ మాటలు వినగనే మా వంటయిల్లు కన్నులకు గట్టినది. అందఱకును పాలు పెరుగు వడ్డించి, అత్తగారు మిగిలిన మజ్జిగనీళ్లతో భోజనము ముగించెడివారు. ఆ పెరుగు తిన్నవారిలో నేనును నొకతెను. "మీకున్నదా?" యని యొక్కనాడైన నడుగనైతిని.

శస్త్రచికిత్స జరిగినది, ఇప్పుడామె చేతికఱ్ఱతో నడచుచున్నారు. మా యింట మొదటి గిన్నె పెరుగు ఆమెదే. రాగిజావయు, ఎండలో కొంతసేపు నడకయు మా యిరువురకు నియమములైనవి. మా యమ్మాయికి పదునాలుగేండ్లు. ఎముక బలియు వయసు. దాని గిన్నెను గూడ నేనే చూచుచున్నాను. మీ యింట కడపట భుజించున దెవ్వరు? ఈ రాత్రి యామె విస్తరిని చూడుడు.