పురుగు బయటికొచ్చాకే పట్టు!

కర్నూలు నుంచి ఎమ్మిగనూరు వెళ్లే దారిలో కోడుమూరు తగులుతుంది. ఎర్రమట్టి చేలు, రాళ్ల గుట్టలు... మధ్యాహ్నం ఎండకు ఊరంతా తలుపులు మూసుకున్నా, నేతగాళ్ల ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ నేసేవి గద్వాల తరహా చీరలు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంటే చేనులో పండిన పోగూ, పురుగు అల్లిన పోగూ ఒకే మగ్గం మీద కలుస్తాయన్నమాట.

నూలుపోగు ఈ సీమ బిడ్డే. తొలకరికి కొర్రతో కలిపి ముంగారి పత్తి వేయడం ఇక్కడి మెట్టరైతుల పాత అలవాటు. కొర్ర ముందుగా చేతికొచ్చి కడుపు నింపేది, పత్తి తర్వాత నాలుగు డబ్బులు తెచ్చేది. ఆ నాటు పత్తికి మందుల బాధ తక్కువ. తర్వాత హైబ్రిడ్లు, 2002 నుంచి బీటీ రకాలు వచ్చాయి. నూలు కడితే ఏ ప్రాణికీ హాని లేదనుకుంటాం కానీ, పత్తిచేలో మందు కొట్టిన రైతునడిగితే ఆ మాట ఒప్పుకోడు.

ఇక పట్టుపోగు. పట్టుకాయలో దాదాపు కిలోమీటరు పొడవున్న దారం తెగకుండా చుట్టుకుని ఉంటుంది. లోపలి పురుగు రెక్కలొచ్చి కాయను తొలుచుకుని బయటికొస్తే ఆ దారం ముక్కలవుతుంది. అందుకే ముందుగానే వేడికి చంపేస్తారు. ఒక్క పట్టుచీర వెనక ఇలాంటి కాయలు వేలల్లో ఉంటాయి.

'పురుగును చంపకుండా నేసిన పట్టుచీర ఉందా?' 1990 ప్రాంతంలో అప్పటి రాష్ట్రపతి ఆర్.వెంకట్రామన్ సతీమణి జానకీ వెంకట్రామన్ వేసిన ప్రశ్న ఇది. లేదనడం తేలిక. ఆప్కో ఉద్యోగి కుసుమ రాజయ్య మాత్రం దాన్ని వదల్లేదు. ఆయన పుట్టింది నేతగాళ్ల ఇంట్లో. తెగిన పోగును చూసి భయపడే పెంపకం కాదది! కాయలను వారం పది రోజులు వదిలేసి, పురుగులు బయటికొచ్చాక మిగిలిన డొల్లలను పత్తిలా వడికించారు. అలా వచ్చిందే అహింసా పట్టు. 2006లో దీనికి పేటెంట్ దక్కింది. మామూలు పట్టంత నిగనిగ ఉండదు, మెత్తగా ఒంటికి అతుక్కుంటుంది. నూలు తక్కువొస్తుంది, పని ఎక్కువ, కాబట్టి ధరా ఎక్కువే. పెళ్లిపందిట్లో తళుక్కుమనాలనుకునేవారికి ఇది అంతగా నచ్చకపోవచ్చు.

కొన్నేళ్లుగా ఫ్యాషన్ ప్రపంచం ఇలాంటి బట్టల కోసమే వెతుకుతోంది. అయితే ఏ పోగైనా నేసే చెయ్యి ఉండాలిగా! ఆ చేతికి కూలి గిట్టాలన్న ఆలోచన కోడుమూరు దాటి ఎమ్మిగనూరు చేరితే కనిపిస్తుంది. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. 1954లో పద్మశ్రీ అందుకున్నారు. దుప్పట్లు, తువ్వాళ్లతో ఊరి పేరు దూరదూరాలకు వెళ్లింది. మరమగ్గాలొచ్చాక ఆ సందడి చాలావరకు తగ్గింది.

జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎమ్మిగనూరు వెళ్లేవాళ్లు దారిలో కోడుమూరులో ఓసారి దిగొచ్చు. చీర కొనేముందు అంచు ఏ పోగో అడగండి. నేతగాడు మగ్గం ఆపి మరీ చెబుతాడు. ధర దగ్గర మాత్రం మరీ గీచిగీచి బేరమాడకండి.