చూడటమూ ఒక చదువే

పిల్లలూ! మీ ఊరి పంచాయతీ ఆఫీసుకు ఎన్ని మెట్లున్నవో చెప్పగలరా? మీ బడిలో నీళ్ళ కుళాయి ఒకటో తరగతి పిల్లవాడి చేతికి అందుతుందా? రోజూ చూసేవే గదా! అయినా చటుక్కున చెప్పలేరు. చూడటం వేరు, పట్టి చూడటం వేరు. పట్టి చూడటంతోనే మొదలయ్యే చదువు ఒకటి ఉన్నది. దానిని డిజైను అంటారు.

డిజైను అంటే బట్టల మీద పువ్వులు వేయటమేనని చాలామంది అనుకుంటారు. అది అందులో కొంత మాత్రమే. 1958లో మన ప్రభుత్వం కోరగా, అమెరికా నుంచి వచ్చిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు ఒక నివేదిక రాసి ఇచ్చారు. మన దేశంలో తాము చూసిన వస్తువులన్నిటిలోకీ వారు ఎక్కువగా మెచ్చుకున్నది దేనినో తెలుసా? మన చెంబును! ఎన్ని నీళ్ళు పట్టాలి? చేతికి ఎలా అమరాలి? వంచితే ధార ఎలా పడాలి? తోమటానికి వీలుగా ఉన్నదా? ఒక్క చెంబు వెనుక ఇన్ని ప్రశ్నలున్నవని వారు చూపించారు. ఆ నివేదిక దారి చూపగా 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ ఏర్పడింది.

ఇటువంటి చదువే చదువుతున్న మా బంధువుల అమ్మాయి ఒకతె, పదిమందీ వాడుకునే కట్టడాలను చూసి రావటానికి మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతాలకు బయలుదేరింది. తోడుగా నేనూ వెళ్ళాను. ఆ అమ్మాయి చూసిన తీరు మీకు చెబుతాను, వినండి.

హైదరాబాదు నుంచి పడమరగా బీజాపూరు వెళ్ళే రోడ్డు మీద ముందు మొయినాబాదు, తరువాత చేవెళ్ళ వస్తాయి. రెండూ రంగారెడ్డి జిల్లాలోవే. జిల్లాకు ఆ పేరు కొండా వెంకట రంగారెడ్డి గారిని బట్టి వచ్చింది. ఆయన ఊరు పెద్దమంగళారం ఈ మొయినాబాదు మండలంలోనే ఉన్నది. దారి పక్కన కూరగాయల మళ్ళు, పూలతోటలు కనబడతాయి.

మొదట చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళాము. 1908లో మూసీకి వచ్చిన పెద్ద వరద తరువాత, నగరాన్ని కాపాడటానికి 1920లో కట్టి ముగించిన ఉస్మాన్‌సాగర్ చెరువు ఆ గుడికి దగ్గరలోనే ఉన్నది. ఈ గుడిలో హుండీ లేదు. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరిన తరువాత 108 ప్రదక్షిణలు చేస్తారు. మరి 108 లెక్క తప్పకుండా ఉండేదెలా? భక్తుల చేతిలో అంకెలు అచ్చువేసిన చిన్న కాగితం ఉంటుంది. ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క అంకె కొట్టివేస్తారు. “తాతయ్యా, ఇదీ డిజైనే!” అన్నది అమ్మాయి. అవును మరి. ఖర్చు లేదు, చదువు రాని వారికి కూడా తెలుస్తుంది, నడక ఆగదు.

తరువాత ఒక పల్లెలో అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళాము. ఆరేళ్ళలోపు పిల్లలకూ, గర్భిణులకూ, బాలింతలకూ పౌష్టికాహారం ఇచ్చే ఈ కేంద్రాల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అమ్మాయి ముందుగా టీచరమ్మ అనుమతి అడిగింది. ఫొటోలు తీయలేదు. ఒక మూల కూర్చుని గంటసేపు ఊరికే చూసింది. నోటుబుక్కులో పేజీ మధ్యగా గీత గీసి, ఎడమవైపు కంటితో చూసినది, కుడివైపు తనకు తోచినది రాసుకున్నది. ఈ రెండూ కలిపివేస్తే పొరపాటు జరుగుతుంది. “పిల్లలు కిటికీ దగ్గరికి పోవటం లేదు” అన్నది చూసినది. “వారికి కిటికీ ఇష్టం లేదు” అన్నది తోచినది. లేచి వెళ్ళి చూస్తే అసలు సంగతి తెలిసింది. కిటికీ అంచు పిల్లల తలలకన్నా ఎత్తున ఉన్నది! గది పిల్లలది, కొలత పెద్దలది.

పంచాయతీ ఆఫీసు దగ్గర అమ్మాయి ఇంకొక ప్రశ్న వేసుకున్నది. “ఇక్కడికి ఎవరు వస్తున్నారు?” అన్నది సగం ప్రశ్న. “రావలసినవారిలో ఎవరు రాలేకపోతున్నారు?” అన్నది తక్కిన సగం. చేతికర్రతో వచ్చిన ఒక ముసలమ్మ మెట్ల దగ్గరే ఆగి, లోపలికి కబురు పంపింది. మెట్ల పక్కన చిన్న వాలుబాట ఉంటే, ఆమె తన పని తానే చూసుకుని వెళ్ళేది గదా!

చేవెళ్ళ దారిలో మరొక గొప్ప కట్టడం ఉన్నది. దానికి గోడలు లేవు, తలుపులు లేవు. అవే ఈ రోడ్డుకు ఇరువైపులా ఉన్న మర్రిచెట్లు. సుమారు 900 చెట్లు! వాటి నీడలో కూరగాయలు అమ్మేవారున్నారు, బస్సు కోసం నిలబడేవారున్నారు. ఒక చెట్టు కింద కూర్చున్న పెద్దమనిషి జరిగి మాకు చోటిచ్చి, “కూసో బిడ్డా, ఇది అందరిదీ” అన్నాడు.

కాని ఈ రోడ్డు ఇరుకు. 2025 నవంబరులో చేవెళ్ళ దగ్గర బస్సు, లారీ ఢీకొన్న ఘోర ప్రమాదంలో ఎందరో చనిపోయారు. రోడ్డు వెడల్పు కావాలని జనం అడగటం న్యాయమే. పెరగటానికి తరాలు పట్టిన చెట్లను కాపాడమనటమూ న్యాయమే. ఆ వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఒక న్యాయం కోసం ఇంకొక న్యాయాన్ని విడిచిపెట్టకుండా దారి వెతకటమే డిజైనులో అన్నిటికన్నా కష్టమైన లెక్క. దానికి ముందు ప్రతి చెట్టునూ, ప్రతి మలుపునూ, అక్కడ నడిచే మనుషులనూ ఎవరో ఒకరు ఓపికగా చూసి రాయాలి.

ఇక మీ వంతు. వచ్చే ఆదివారం మీ ఊరి గ్రంథాలయమో, బస్టాండో, రచ్చబండో ఒకటి ఎంచుకోండి. అనుమతి అడగండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అరగంట కూర్చోండి. చెప్పులు ఎక్కడ విడుస్తున్నారు? నీడ ఎటు జరుగుతున్నది? ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు? రెండు వరుసలుగా రాసి, అమ్మకూ నాన్నకూ చూపించండి. బాగుచేయదగినది ఒక్కటి కనబడినా, గ్రామసభలో చెప్పమని వారిని అడగండి. ఒక మెట్టు తగ్గినా, ఒక కుళాయి కిందికి దిగినా, మీ నోటుబుక్కు ఊరికి ఉపకారం చేసినట్లే.