క్రోసూరులో 'హుం'కారం!

సత్తెనపల్లిలో బస్సెక్కి క్రోసూరు వెళుతుంటే దారి పొడుగునా ఎరుపే! కల్లాల్లో మిరపకాయలు ఎండబోశారు. కిటికీ పక్కన కూర్చున్నవాడికి తుమ్ములు ఉచితం. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది. జిల్లా మారింది గానీ ఘాటు మారలేదు!

ఇంత ఎండలో అక్కడేం పని అంటారా? ఒక రికార్డింగ్ థియేటర్ చూడటానికి! మద్రాసులో కాదు, హైదరాబాదులో కాదు... క్రోసూరులో, ఓ డాబా మీద గదిలో. గోడలకి పాత బొంతలు, తలుపుకి గోనె పరదా. దాని యజమాని, ఇంజనీరు, ఆఫీసు బాయ్... అంతా ఒక్కడే, ఇరవై రెండేళ్ళ కుర్రాడు.

"ఒక్కసారి విను బాబాయ్" అంటూ హెడ్‌ఫోన్ నా చెవులకి తగిలించాడు. వాళ్ళ నాయనమ్మ మిరపకోతల్లో పాడుకున్న పాట. ఎనభై దాటిన సన్నని గొంతు. కానీ ఆ గొంతు వెనకాలే "మ్‌మ్‌మ్..." అంటూ ఒకటే మూలుగు!

"మామ్మ మెల్లగా పాడుద్ది. సౌండు పెంచితే ఆ మూలుగూ పెరుగుద్ది. ఇంకా నాలుగు పాటలున్నయ్. ఊరికే మళ్ళీ మళ్ళీ పాడమంటే ఆయాసపడుద్ది" అన్నాడు దిగులుగా. "ఎర్త్ పిన్ను పీకేస్తే పోద్దంట. పట్టకారు కూడా తెచ్చా!"

నా గుండె జారిపోయింది.

"ఒరేయ్, ఆగు! ముందు ఆ పట్టకారు కింద పెట్టు" అన్నాను.

ఎందుకో చెబుతాను వినండి. పెట్టె లోపల కరెంటు తీగ ఊడి ఇనప ఒంటికి తగిలితే, దాన్ని భూమిలోకి పంపి ఫ్యూజు కొట్టించేది ఆ మూడో పిన్నే. అది లేకపోతే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. మైకు వైరు మీది తొడుగు పోయి కలిసేది ఆ పెట్టె ఒంటికే. మరి మైకు పట్టుకున్నది ఎవరు? నాయనమ్మ! మూలుగు పోవడానికి మనిషిని పోగొట్టుకుంటామా?

ఇంతకీ ఈ మూలుగు ఎవరిది? మన ఇంటి కరెంటుదే. అది సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ 50తో పాటు 100, 150 అంటూ దాని సంతానమూ పలుకుతుంది. 100 అయితే హార్మోనియం మీద ఐదు శ్రుతికి రవంత పైన ఉంటుంది. ఏ మెట్టుకీ సరిగ్గా కలవని శ్రుతిపెట్టె అన్నమాట! తర్వాత కంప్యూటర్లో కడిగేస్తే సరి అంటారా? కొంత పోతుంది. కానీ గట్టిగా గీకితే దాంతోపాటు గొంతూ చిట్లుతుంది.

ఈ శత్రువు సినిమా వాళ్ళకి కొత్త కాదు. 1932లో 'భక్త ప్రహ్లాద'తో మన తెర మాటలు నేర్చింది. ఫిల్ము అంచున ఉండే సౌండ్ ట్రాక్ గుండా దీపం వెలుగు పోయి ఫోటోసెల్ మీద పడితేనే హీరోయిన్ మాట వినబడేది. ఆ దీపానికి ఏసీ కరెంటు పెడితే వెలుగు సెకనుకి 100 సార్లు వణికి, మాట వెనక హుంకారం మొదలయ్యేది. అందుకే దానికి డీసీ ఇచ్చేవారు. చూశారా... వాళ్ళు దీపాన్ని పీకెయ్యలేదు, కారణాన్ని పీకేశారు!

మేమూ డిటెక్టివుల్లా బయల్దేరాం. ఒక్కొక్క వైరూ తీసి వింటున్నాం. లాప్‌టాప్ ఛార్జర్ తియ్యగానే మూలుగు టక్కున ఆగింది. దొంగ దొరికాడు! మిక్సరు డాబా మీది బోర్డులో ఉంది. ఛార్జరేమో పొడుగు వైరుతో కింద హాల్లో ఉంది. డాబా గది కొత్తగా కట్టినప్పుడు దానికి వేరే ఎర్తు గుంట తవ్వారట. ఎండకి నెర్రెలిచ్చిన నల్లరేగడిలో ఆ రెండు ఎర్తులూ ఒక్క తీరుగా లేవు. వాటి మధ్య తేడా కరెంటు, మిక్సరుకీ లాప్‌టాప్‌కీ మధ్య ఉన్న పాట వైరు తొడుగు మీదుగా షికారు కొడుతోంది!

మందు? రెండింటినీ ఒకే మూడు పిన్నుల బోర్డులో పెట్టాం. ఎర్తు ఒక్కటే అయ్యింది. మూలుగు మాయం!

కొంచెం మిగిలింది. చూస్తే మైకు వైరూ అడాప్టర్ వైరూ కొత్త దంపతుల్లా పెనవేసుకుని ఉన్నాయి. విడదీశాం. దాటక తప్పని చోట అడ్డంగా దాటించాం. చివరికి మైకుకి మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ వైరు వేశాం. ఇది ద్విపాత్రాభినయం లాంటిది. పాట ఒక తీగలో నిటారుగా, ఇంకో తీగలో తలకిందులుగా వెళుతుంది. మూలుగు మాత్రం రెండింట్లోనూ ఒకేలా దూరుతుంది. అవతల ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే పాట రెట్టింపవుతుంది, మూలుగు సున్నా! దీనికీ లొంగని మొండి మూలుగైతే పాట వైరు మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. తీగ తీగని ముట్టుకోదు, పాట మాత్రం అయస్కాంతం మీదుగా అవతలికి చేరుతుంది. గోడకి అటూ ఇటూ నిలబడ్డ ప్రేమికుల కబుర్లలాగా!

పొద్దుగూకే వేళకి నాయనమ్మ పైకొచ్చింది. నాలుగు పాటలూ పాడింది. హెడ్‌ఫోన్ పెడితే కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"ఇందాక నాతోబాటు ఎవడో మూలిగాడే, వాడేడిరా?" అంది.

"సాగనంపేశాం మామ్మా!" అన్నాడు మనవడు. పట్టకారు ఇంకా కిందే పడి ఉంది.

తిరుగు బస్సులో ఇంజను పక్క సీటు దొరికింది నాకు. సత్తెనపల్లి దాకా ఒకటే "మ్‌మ్‌మ్...". ఈ హుంకారానికి మాత్రం నా దగ్గర మందు లేదు!