పక్కకు తోస్తే బ్రాంక్స్... పైకి తోస్తే మన్‌హాటన్!

న్యూయార్కు వెళ్లొచ్చిన వాళ్లంతా స్వాతంత్ర్య దేవత విగ్రహం గురించీ, ఎంపైర్ స్టేట్ భవనం గురించీ రాస్తారు. నేనూ చూశాను. కానీ అవి మీకు సినిమాల్లో వందసార్లు కనపడ్డవే కదా! అంచేత వాటిని వదిలేసి, టిక్కెట్టూ క్యూ లేని మూడు చోట్ల గురించి చెబుతాను. పెళ్లి సంగీత్‌లోనో, కాలేజీ ఫంక్షన్‌లోనో ఒక పాట ఆగకుండానే రెండో పాటలోకి జారిపోతుందే, ఆ విద్య ఎదిగిన చోట్లివి.

నాకు దారి చూపించినవాడు మా మేనల్లుడు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో వుంటాడు. వారమంతా ఆఫీసు. శని, ఆదివారాలు మనవాళ్ల పెళ్లిళ్లలో డీజే! బయల్దేరే ముందు తన మిక్సర్ దగ్గర కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పాడు.

మిక్సర్ అంటే, ఇటో రికార్డు ప్లేయరు, అటో రికార్డు ప్లేయరు పెట్టి మధ్యలో వుంచే పెట్టె. ఈ రోజుల్లో రికార్డుల బదులు చాలామందికి పాటలు కంప్యూటర్లోనే వుంటాయి. పెట్టె పని మాత్రం అదే. దాని మీద ఒక్కో పాటకీ ఒక్కో నిలువు మీట. పైకి తోస్తే పాట పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. ఇది చానెల్ ఫేడర్. వీటి కింద అడ్డంగా ఇంకో మీట. ఎడమ కొసన వుంటే ఎడమ పాటే, కుడి కొసన వుంటే కుడి పాటే. మధ్యలో వుంటే రెండూ. ఇది క్రాస్‌ఫేడర్.

"రెండూ చేసేది పాట మార్చడమేగా? మరి రెండెందుకురా?" అన్నాను.

"అది ఇక్కడ కూర్చుంటే తెలీదు మామయ్యా, రండి" అని రైలెక్కించాడు.

చర్చిలో రెండు పాటలు

పెన్ స్టేషన్లో దిగి, జనాన్ని తప్పించుకుంటూ 43వ వీధి దాకా నడిచాం. అక్కడ తొమ్మిదో ఎవెన్యూ దగ్గర వెస్ట్‌సైడ్ థియేటర్ అనే నాటకాల హాలుంది. చూడగానే తెలుస్తుంది, ఒకప్పుడది చర్చి అని. మధ్యలో కొన్నాళ్లు డిస్కో కూడా! పేరు శాంక్చువరీ. జేన్ ఫాండా నటించిన 'క్లూట్' (1971) చూసినవాళ్లు ఆ హాలు లోపలంతా చూసినట్టే. అందులోని క్లబ్బు దృశ్యం తీసిందిక్కడే.

ఆ క్లబ్బులో ఫ్రాన్సిస్ గ్రాసో అనే కుర్రాడు రికార్డులు వేసేవాడు. ఒక పాట అయ్యాక ఇంకోటి పెట్టి వూరుకోకుండా, రెండు రికార్డుల తాళం కలిపి ఒకదాని మీద ఇంకోదాన్ని నిమిషాల తరబడి నడిపించేవాడు. ఒక బృందం డ్రమ్స్ మీద ఇంకో బృందం గొంతు! ఆ రోజుల్లోనే అలెక్స్ రోస్నర్ అనే సౌండ్ ఇంజనీరు డీజేల కోసం ఒక మిక్సర్ కట్టాడు. ఎర్రరంగు వేశారు కాబట్టి దాన్ని ముద్దుగా 'రోజీ' అనేవారు.

ఇలా రెండు పాటలూ కలిసి నడవాలంటే, ఒక్కో పాటకీ విడిగా ఒక్కో మీట వుండాల్సిందే. పాత పాట నిండుగా మోగుతూ వుండగానే కొత్త పాట చాటుగా, కొద్దికొద్దిగా రావాలి. క్రాస్‌ఫేడర్‌తో ఇది కుదరడం కష్టం. సగం దాటాక ఇటు పెరిగితే అటు తగ్గాల్సిందే. క్రాస్‌ఫేడర్‌ది ఒకే నిర్ణయం. చానెల్ ఫేడర్లవి రెండు నిర్ణయాలు. అదీ తేడా!

లేని గరాజు

అక్కణ్ణించి సబ్‌వేలో హ్యూస్టన్ స్ట్రీట్ స్టేషన్‌కి వెళ్లాం. పక్కనే కింగ్ స్ట్రీట్. 84 నంబరు ముందు ఆగి, "ఇక్కడే" అన్నాడు మావాడు. చూద్దామంటే ఏముంది? పాత కట్టడాన్ని కూల్చేశారు.

1970ల చివర్నించి 1987 దాకా ఇక్కడ పారడైజ్ గరాజ్ వుండేది. పేరుకి తగ్గట్టే ఒకప్పుడది కార్లు పెట్టుకునే గరాజు. లోపల మందు అమ్మేవారు కాదు. నల్లజాతి, లాటిన్ కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది స్వలింగ ప్రేమికులు. బయట ఎక్కడా తలెత్తుకు తిరగనివ్వని రోజులవి. రాత్రి మొదలైన డాన్సు తెల్లారినా సాగేది. నడిపించేవాడు లారీ లెవాన్ అనే డీజే.

అతను వాడిన బోజాక్ మిక్సర్‌కి క్రాస్‌ఫేడర్ లేదు. నిలువు మీటలు కూడా లేవు. రేడియోకి వున్నట్టు గుండ్రటి బిరడాలు! ఒక్కో రికార్డుకి ఒక్కోటి. వేళ్లతో నెమ్మదిగా తిప్పితే పాట పొగమంచులా వస్తుంది. ఎప్పుడొచ్చిందో తెలీదు, ఎప్పుడు పోయిందో తెలీదు.

"పాట ఆగితే లైట్లు వేసినట్టే మామయ్యా. ఇంటికెళ్లాలని గుర్తొచ్చేస్తుంది. ఆ ఇంట్లో తన్ని తరిమేసినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేవాళ్లు" అన్నాడు మావాడు. లెవాన్ 1992లో పోయాడు. అప్పటికి అతనికి 38 ఏళ్లు.

పల్లంలో అపార్టుమెంటు

ఇక బ్రాంక్స్. 4వ నంబరు రైలు యాంకీ స్టేడియం పక్కనించి వంతెన మీద వెళుతుంది. 176వ వీధి దగ్గర దిగి, హార్లెం నది వైపు పల్లంలోకి నడిస్తే సెడ్జ్‌విక్ ఎవెన్యూ. 1520 నంబరు. వంద పైచిలుకు వాటాలున్న మామూలు అపార్టుమెంటు. పక్కనే హైవే, రాత్రింబవళ్లు లారీల రొద. వీధి చివర 'హిప్ హాప్ బులెవార్డ్' అని 2016లో పెట్టిన బోర్డు. అంతే! జనం కాపురాలుండే ఇల్లు కాబట్టి మేం లోపలికి వెళ్లలేదు.

1973 ఆగస్టు 11న ఈ ఇంట్లోని హాల్లో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోపు కొత్త బట్టలకి డబ్బు కావాలి! ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. రికార్డులు వేసింది వాళ్లన్నయ్య, జమైకా నించి వచ్చిన కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రం మోగే ముక్క రాగానే జనం రెచ్చిపోతారని అతను కనిపెట్టాడు. కానీ ఆ ముక్క కొన్ని సెకన్లే! అంచేత అదే రికార్డు రెండు కాపీలు పెట్టి, ఇక్కడ ముక్క అయిపోగానే అక్కడ అందుకునేవాడు.

ఈ పనిని గడియారంలా బిగించినవాడు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రాడు. రికార్డు మీద రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అదెన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్క కట్టాడు. రెండో రికార్డు ముందుగా చెవిలో వినేందుకు స్విచ్చు తనే అమర్చుకున్నాడు. 'వైల్డ్ స్టైల్' (1983) సినిమాలో అతను వంటింట్లో రికార్డులు తిప్పే దృశ్యం వుంది, దొరికితే తప్పక చూడండి.

ఇక గ్రాండ్ విజర్డ్ థియోడర్ సంగతి. అమ్మ వచ్చి సౌండు తగ్గించమంటే రికార్డుని చేత్తో పట్టుకుని ఆపాడట. ఆ గీకుడు చప్పుడు బాగుందనిపించింది. అదే స్క్రాచ్! వెనక్కి లాగినప్పుడు వచ్చే చప్పుడు అక్కర్లేకపోతే టక్కున మూసేయాలి, వెంటనే తెరవాలి. ఇందుకు క్రాస్‌ఫేడర్‌ని మించింది లేదు. స్క్రాచ్ చేసేవాళ్లు దాన్ని ఎలా అమర్చుకుంటారంటే, కొస నించి ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిపితే చాలు, పాట నిండుగా తెరుచుకుంటుంది.

అంటే, తెల్లారేదాకా ఆగకూడని డాన్సుకి పైకి తోసే చెయ్యి. కొన్ని సెకన్ల డ్రమ్స్‌ని పట్టుకోవాల్సిన డాన్సుకి పక్కకు తోసే చెయ్యి. యంత్రం చెప్పినట్టు ఆడినవి కావవి. కాళ్లు అడిగినట్టు చేతులు నేర్చుకున్నవి!

మన పెళ్లిళ్లలో...

"మరి నువ్వేది వాడతావురా?" అనడిగాను తిరుగు రైల్లో.

"పాటని బట్టి. కొత్త పాటలకి తాళం యంత్రం కట్టినట్టు వుంటుంది, నిమిషం సేపు రెండూ కలిపి నడపొచ్చు. అమ్మమ్మ వాళ్ల కాలం పాటలు అలా కాదు. ఆర్కెస్ట్రా అంతా ఒకేసారి కూర్చుని వాయించినవి. చరణంలో కొంచెం వేగం పెరుగుతుంది, పల్లవిలో తగ్గుతుంది. వాటి మీద ఇంకో పాట ఎక్కిస్తే రెండూ తన్నుకుంటాయి. పల్లవి ఎత్తుకునే చోట టక్కున కోసెయ్యాలి. అప్పుడు అమ్మమ్మలు లేస్తారు, పిల్లలు కూర్చోరు. ఒక్కసారి ఫ్లోరు ఖాళీ అయిందంటే మళ్లీ నింపడం నా తరం కాదు మామయ్యా!"

మీలో కొత్తగా మిక్సర్ కొనుక్కున్న వాళ్లకి మావాడి మాటగా ఒక చిట్కా. క్రాస్‌ఫేడర్ సరిగా మధ్యలో వున్నప్పుడు సౌండు గుంటలో పడ్డట్టు తగ్గిందా? తప్పు మీది కాదు, దాని అమరిక అలా వుంది. మార్చుకునే వీలుంటే మార్చుకోండి. చానెల్ ఫేడర్లతో కలిపేటప్పుడు రెండు పాటల బేస్ ఒకేసారి మోగనివ్వకండి. కొత్తదాని బేస్ తగ్గించి తెచ్చి, పాతదాని బేస్ తీసేశాక పెంచండి. క్రాస్‌ఫేడర్ వాడకపోతే దాన్ని మధ్యలోనే వదిలేయండి. లేకపోతే ఒక పాట అసలు వినపడదు!

మిక్సర్ లేనివాళ్లు ఈసారి పెళ్లికెళ్లినప్పుడు డీజే వేసుకున్న కళ్లద్దాలు కాదు, చేతులు చూడండి. అతను బ్రాంక్స్‌లో వున్నాడో, మన్‌హాటన్‌లో వున్నాడో మీకే తెలిసిపోతుంది.